పదిహేడో నంబరు ముక్క

షాలిని మొదటిసారి గవ్వలపేటకి వచ్చినప్పుడు ఆమె సంచిలో నలభై ప్లాస్టిక్ డబ్బాలు ఉన్నాయి. ఒక్కొక్కటి టీ గ్లాసంత. ప్రతి డబ్బా అడుగునా తపాలా బిళ్ళంత ప్లాస్టిక్ ముక్క ఒకటి అతికించి ఉంది. కళ్ళజోడు అద్దాలు చేసే ప్లాస్టిక్కే అది, గాజులా తేటగా ఉంటుంది. నేలలోంచి, ఇసుకలోంచి, గోడల్లోంచి సన్నగా ఊరే రేడాన్ వాయువు డబ్బాలోకి చేరుతుంది. దాంట్లోంచి దూసుకొచ్చే ఆల్ఫా కణాలు ఆ ముక్కకి తగిలి కంటికి కనిపించని గాయాలు చేస్తాయి. మూడు నెలల తర్వాత ముక్కని తీసి, వేడివేడి కాస్టిక్ సోడా నీళ్ళలో ఆరు గంటలు ఉంచితే గాయమైన చోట ప్లాస్టిక్ తొందరగా కరిగి గుంట పడుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి ఆ గుంటల్ని లెక్కపెడితే ఇంట్లో గాలి ఎలాంటిదో తెలుస్తుంది.

ఊళ్ళో వాళ్ళకి ఆమె ఇదంతా చెప్పలేదు. ఇంటి గాలి పరీక్ష చేసే డబ్బా అంది, కరెంటు అక్కర్లేదంది, పిల్లలు ముట్టుకోకుండా ఉంటే చాలంది. భావనపాడు దాటాక సముద్రం పక్కనే ఉన్న జాలరి పేట అది. అక్కడి ఇసుకలో నల్లటి చారలుంటాయి. ఆ నల్ల ఇసుకలో ఉండే, రేడాన్ పుట్టించే ఖనిజాల వల్లే ఆమె ఆ పేటని ఎంచుకుంది.

షాలిని శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ముప్పై ఏడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఏడేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. కెమిస్ట్రీ ల్యాబు వెనక, పాత బల్లలు పడేసే గదిని ఖాళీ చేయించుకుని అందులో ఒక నీళ్ళ తొట్టి, ఒక మైక్రోస్కోపు పెట్టుకుంది. క్లాసులయ్యాక సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. గుంటలు లెక్కపెట్టే పనిలో మాట అవసరం లేదు. ఒక్కోసారి గదిలోంచి బయటికొచ్చి వాచ్‌మన్‌తో ఏదో అనబోతే గొంతు జీరబోయి, తను పొద్దుటినుంచీ నోరు విప్పలేదన్న సంగతి అప్పుడు తెలిసేది.

పదిహేడో నంబరు ఇల్లు పేటకి చిట్టచివర ఉంది. అందులో జోగయ్య ఒక్కడే ఉంటున్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, వెడల్పాటి భుజాలు, ఉప్పుగాలికి ఎండిన మొహం. ఆమె దూలానికి డబ్బా కడుతుంటే స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. కట్టడం అయ్యాక కూర్చోమన్నాడు. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళలో ఎవరూ కూర్చోమనలేదని కాదు, ఆమే కూర్చోలేదు. ఇక్కడెందుకో కూర్చుంది.

అతను డికాషను కాచి ఇచ్చి, గుమ్మం పక్కన కూలబడి చుట్ట ముట్టించి, మాట్లాడటం మొదలుపెట్టాడు. తిత్లీ తుపానుకి పాత ఇల్లు పోయిందట. కొత్త ఇంటికి పునాది గోడలు లేచాక లోపల నింపడానికి మట్టి దొరకలేదట. అతనూ, అతని భార్య ఈశ్వరీ నలభై రోజులు తట్టలతో సముద్రం ఒడ్డు నుంచి ఇసుక మోశారట. ఇంట్లో మూడేళ్ళు ఉందో లేదో, ఈశ్వరికి దగ్గు పట్టుకుంది. విశాఖపట్నం తీసుకెళ్తే ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. పోయిన ఆషాఢంలో చనిపోయింది.

"నీకెవరున్నారమ్మా?" అని అడిగాడు జోగయ్య.

అమ్మ ఉండేదని చెప్పింది షాలిని. సాలూరులో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైందని, పన్నెండు రోజుల కిందటే పోయిందని చెప్పింది. సమాధి కార్యక్రమం అయిన మూడోనాడే తను డ్యూటీకి వచ్చేసిందని కూడా చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు. కాలేజీలో ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు.

అయ్యో అని అతను అనలేదు. పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసి, గ్లాసులో మళ్ళీ డికాషను పోశాడు.

మూడు నెలల తర్వాత షాలిని డబ్బాలన్నీ విప్పి తెచ్చుకుంది. వారం పదిరోజులు ముక్కల్ని ఉడకబెట్టడం, కడగటం, ఆరబెట్టడం, లెక్కపెట్టడం. ముప్పై తొమ్మిది ఇళ్ళ లెక్కలూ ఒక తీరుగా వచ్చాయి. ఎక్కడా ఆందోళన పడాల్సింది లేదు. పదిహేడో ముక్క మాత్రం గుంటలతో నిండిపోయి ఉంది. పక్కింటి ముక్కలో ఒకటున్న చోట దీన్లో ఐదు. మళ్ళీ లెక్కపెట్టింది. అంతే వచ్చింది.

అప్పుడామెకి సంతోషం కలిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ సంగతిని ఆమె తన నుంచి తనే దాచుకోలేకపోయింది. ఏడేళ్ళ పనిలో మొదటిసారి చెప్పుకోదగ్గ అంకె ఒకటి కనిపించింది. ఇసుక నింపిన ఇల్లు, ఊపిరితిత్తుల జబ్బు, పెద్ద అంకె, మూడూ ఒకదానికొకటి అతికినట్టున్నాయి. విశాఖలో ఉన్న ఆమె గైడు ఉమాశంకర్ గారికి ఫోన్ చేస్తే ఆయన కూడా ఉత్సాహపడ్డారు. ఆ ఇంటాయనకి జాగ్రత్తలు చెప్పి రమ్మన్నారు.

మార్చి నెలలో ఒక శనివారం వెళ్ళి చెప్పింది. ఇంట్లో గాలి మంచిది కాదని, కిటికీలు తెరిచి ఉంచమని, వీలైతే ఆ ఇసుక తీసేసి గ్రావెల్ వేయించుకోమని చెప్పింది. జోగయ్య వల బాగుచేసుకుంటున్నాడు. సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తకుండా అడిగాడు.

"ఈ ఇసక గాలికి ఊపిరితిత్తుల జబ్బు వస్తాదా?"

"రావచ్చు, బాబాయ్" అంది షాలిని.

అది శాస్త్రం ప్రకారం తప్పు మాట కాదు. ఆ గాలి ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చే అవకాశం పెరుగుతుందని పుస్తకాల్లో ఉంది. జోగయ్య సూది కింద పెట్టేశాడు. ఆమె బస్సు వేళ అవుతోందని లేచి వచ్చేసింది.

జులైలో కాలేజీ తెరిచాక ఆమె థీసిస్‌లో రెండో భాగం మొదలుపెట్టింది. అది గామా కిరణాల గురించి. ఆల్ఫా కణం ప్లాస్టిక్‌కి ఒక చోట తగిలి ఒక గాయం చేస్తుంది. గామా అలా కాదు. అది ముక్క అంతటా పరుచుకుంటూ పోతుంది. ఎక్కడా జాడ కనిపించదు. కానీ ప్లాస్టిక్ లోపలున్న పొడవాటి గొలుసుల్ని అక్కడక్కడా తెంపుకుంటూ పోతుంది. పైకి చూస్తే కొత్త ముక్కలాగే ఉంటుంది, మహా అయితే కాస్త పసుపు ఛాయ తిరుగుతుంది. కాస్టిక్ సోడాలో వేసినప్పుడు మాత్రం మామూలు ముక్క కంటే రెట్టింపు వేగంతో కరిగిపోతుంది. చిన్న గుంటలు పెద్దవైపోతాయి. లోపలెక్కడో అణిగి ఉండాల్సిన పాత గాయాలు, చిన్న చిన్న గీతలు, మరకలు అన్నీ గుంటలై పైకి తేలతాయి. ఎంత గామా తగిలితే ఎంత మార్పు వస్తుందో కొలవడం ఆమె పని. అందుకోసం కిందటేడు ఆరు షీట్లకి ఒక ల్యాబులో గామా పట్టించి, ముక్కలుగా కోసి, ఆరు కవర్లలో పెట్టి సొరుగులో దాచింది.

ఐదు కవర్ల మీద ఆమె చేతిరాతతో డోసు అంకెలున్నాయి. ఆరోదాని మీద ఏమీ లేదు. అన్నిటికంటే ఎక్కువ గామా తగిలింది దానికే. ఆ కవరు మీద రాయబోతుంటే సాలూరు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మకి బాగోలేదు, వెంటనే రమ్మని. పెన్ను అక్కడే పడేసి బస్సు కాంప్లెక్సుకి పరుగెత్తింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

కవరులో ఇరవై నాలుగు ముక్కలుండాలి. బల్ల మీద పరిచి లెక్కపెట్టింది. ఇరవై మూడున్నాయి. కింద పడిందేమోనని సొరుగు మొత్తం బయటికి లాగి చూసింది. బల్ల కింద వెతికింది. అలా వంగినప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది. సాలూరు నుంచి తిరిగొచ్చిన రోజు, గవ్వలపేటకి డబ్బాలు తయారు చేస్తూ, ఒక ముక్క చేతిలోంచి జారి కింద పడింది. కుర్చీ చక్రం కింద నలిగి గీతలు పడింది. షీటులో ఇంక ముక్కలు మిగల్లేదు. సొరుగు తీస్తే పేరు లేని కవరు కనిపించింది. పేరు లేదు కాబట్టి మామూలు ముక్కలే అనుకుంది. ఒకటి తీసి అతికించింది. ఆ రోజు ఆమె చేతులు పని చేస్తున్నాయి గాని మనసు అక్కడ లేదు. ఎన్నో నంబరు డబ్బాకి అతికించిందో మాత్రం గుర్తు రాలేదు.

గుర్తు రావాల్సిన అవసరం కూడా లేకపోయింది. పదిహేడో ముక్క మందం కొలిచింది. మిగతా ముక్కలు కరిగినదానికి దాదాపు రెట్టింపు కరిగి ఉంది. కవరులో మిగిలిన ముక్కల్లో రెండు తీసి ఆరు గంటలు ఉడకబెట్టింది. ఆ ముక్కలు ఏ ఇంటికీ వెళ్ళలేదు, ఏ దూలానికీ వేలాడలేదు. వాటిలోనూ జోగయ్య ఇంటి ముక్కలో ఉన్నన్ని గుంటలు కనిపించాయి.

ఆమె మైక్రోస్కోపు దీపం ఆర్పేసి ఫోన్ తీసింది.

ఉమాశంకర్ గారు ఫోనులో ఓపిగ్గా విన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నలభైలో ఒక్కటే కదా, ఆ ఇల్లు లెక్కలోంచి తీసేస్తే సరిపోతుందన్నారు. నిజానికి గామా అధ్యాయానికి ఇది మంచి ఉదాహరణ కూడా అన్నారు. జోగయ్య సంగతి ఆమె ఎత్తితే, చెప్పడం మంచిదేనని, తొందరేమీ లేదని, అతను ఎలాగూ కిటికీలు తెరుచుకుని పడుకుంటాడని, దానివల్ల నష్టం లేదు కదా అని అన్నారు.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళింది. ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద అందరూ పలకరించుకుంటుంటే ఆమె కూడా నవ్వుతూ నిలబడింది. ఎలా ఉన్నావమ్మా అని అడిగిన వాళ్ళకి బాగున్నానంది. ఆ ముక్క సంగతి లోకంలో తనకొక్కదానికే పూర్తిగా తెలుసు. తను చెప్పకపోతే ఆ పేటలో ఎవరూ ఎప్పటికీ కనిపెట్టలేరు. అది ఆమెకి ధైర్యం ఇవ్వలేదు, ఇంకా ఒంటరిని చేసింది.

సోమవారం సెలవు పెట్టి బయల్దేరింది. టెక్కలిలో బస్సు మారి, నౌపడ ఉప్పుమడుల మధ్యగా ఆటోలో వెళ్ళేసరికి పదకొండయ్యింది. జోగయ్య ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నేల లేదు. సిమెంటు గచ్చు పగలగొట్టిన పెచ్చులు గోడవారకి పేర్చి ఉన్నాయి. నాలుగు గోడల మధ్య మోకాలి లోతు గొయ్యి, అడుగున వాన నీళ్ళు. పొయ్యి లేదు, మంచం లేదు.

పక్కింట్లోంచి ధనలక్ష్మి వచ్చింది. ఈశ్వరికి ఆమె అన్న కూతురు. చంకలో చేటతో గుమ్మం దగ్గరే నిలబడి, షాలినిని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు ఏటి సెప్పేవో గానీ, మా మావ మనిషి కాకుండా పోనాడు" అంది.

మిగతా కథ కూడా ఆమే చెప్పింది. షాలిని వెళ్ళిన మర్నాడే జోగయ్య గునపం తీసుకున్నాడట. సాయం వస్తామన్న వాళ్ళని దగ్గరికి రానివ్వలేదట. గచ్చు పగలగొట్టి, ఇసుక తవ్వి, తట్టలకెత్తుకుని ఒక్కడే సముద్రం ఒడ్డుకి మోసి పారబోశాడట. నెల్లాళ్ళు పట్టింది. వేటకి వెళ్ళడం మానేశాడు. ఒడ్డున వలలు పెట్టుకునే పాకలో పడుకుంటున్నాడు. ఎవరు పలకరించినా ఒకటే మాటట. నా చేతులతో మోసుకొచ్చి నేనే చంపుకున్నాను అని.

షాలిని చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచింది. పాకలో జోగయ్య వలల కుప్పకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. ఆమెని చూసి లేవబోతే వద్దని ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, నేను చెప్పింది తప్పు" అంది. "మీ ఇంట్లో గాలి మంచిదే అయ్యుంటుంది. డబ్బాలో నేను పెట్టిన ముక్క పాడైన ముక్క. చూసుకోకుండా పెట్టాను. అందుకే లెక్క ఎక్కువొచ్చింది."

అతను ఆమె మొహం వంకే చూశాడు.

"ఇసకది కాదా?"

"కాదు. తప్పు నాది."

అతనికి కోపం వస్తుందనుకుంది. తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది. కెరటం ఒకటి విరిగి వెనక్కి పోయింది, ఇంకోటి వచ్చింది.

"అయితే ఈస్పరి దేనికి పోనాది?" అన్నాడు.

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. తెలియదని చెప్పింది. అతను తల ఊపి, లేచి, నెమ్మదిగా నీళ్ళ దాకా నడిచాడు. వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. తిరిగొస్తాడేమోనని ఆమె మూడు గంటల ఆటో వెళ్ళిపోయేదాకా పాకలో కూర్చుంది. అతను ఒడ్డు వెంట దక్షిణంగా నడుచుకుంటూ వెళ్ళి పడవల చాటున కనిపించకుండా పోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత, గురువారం మధ్యాహ్నం, వాచ్‌మన్ వచ్చి మీ కోసం ఎవరో వచ్చారని చెప్పాడు. వరండాలో జోగయ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. అడిగి అడిగి కనుక్కుని వచ్చానన్నాడు. ఆ ముక్క తన కళ్ళతో చూడాలన్నాడు.

షాలిని గది తలుపు తీసి లోపలికి తీసుకెళ్ళింది. ముందు పదహారో నంబరు ముక్క మైక్రోస్కోపు కింద పెట్టింది. అది ధనలక్ష్మి ఇంటిది. ఎలా చూడాలో చెప్పబోయేలోపే అతను ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించాడు. మసకగా ఉంటే తిప్పమని పక్కనున్న చక్రం అతని వేళ్ళ కింద పెట్టింది. కాసేపటికి అతని మొహంలో మార్పు చూసి కనిపించిందని అర్థమైంది. చిన్న చిన్న గుండ్రాలు, అక్కడొకటి అక్కడొకటి. తర్వాత పదిహేడో ముక్క పెట్టింది. అతను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కవరులో మిగిలిన ముక్కల్లోంచి, ఏ ఇంటికీ వెళ్ళనిది పెట్టింది.

"ఇది ఎక్కడ కట్టేవు?"

"ఎక్కడా కట్టలేదు బాబాయ్. ఈ సొరుగులోనే ఉంది."

అతను మళ్ళీ వంగి చూశాడు. ఆమె గామా గురించి తేలిక మాటల్లో చెప్పడానికి ప్రయత్నించింది. కిరణాలు పట్టిస్తే ప్లాస్టిక్ లోపల్లోపల తెగిపోతుందని, పైకి మాత్రం తెలియదని. ఆమె చెప్పడం పూర్తి కాకముందే అతను తల ఎత్తాడు.

"ఎండ తిన్న వల" అన్నాడు. "నైలాను వల ఒడ్డు మీద వొగ్గీసి రెండేళ్ళు ఎండలో ఉంచితే ఇలగే అవుతాది. సూడ్డానికి బాగానే ఉంటాది. నీట్లో దింపితే ఎక్కడ పడితే అక్కడే తెగిపోతాది. పైకి లాగినాక ఏ కన్నం సేప సేసినాదో, ఏది ఎండ సేసినాదో ఎవుడు సెప్పగలడు."

ఏడేళ్ళలో తన పని గురించి అంత సూటిగా ఎవరూ చెప్పగా ఆమె వినలేదు. అవునంది.

జోగయ్య స్టూలు మీంచి లేవలేదు. తువ్వాలుతో కన్ను తుడుచుకుని, చొక్కా జేబు తడుముకుని, జేబులోంచి చెయ్యి తీసేశాడు. జేబులో చుట్ట ఉంది. అతను చెయ్యి తీసింది అక్కడ కాల్చకూడదని తెలిసి కాదు.

"ఈస్పరికి పొగ పడేది కాదు" అన్నాడు. "బయటికెల్లి కాల్సమనీది. వానల్లో లోపలే కాల్సీవోడిని. ఇసక కాదంతన్నావు కదా. అయితే నా సుట్టేనా?"

కాదని చెప్పాలని ఆమెకి నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆ మనిషి భుజాలు కాస్త తేలికపడతాయి. కానీ ఇదివరకు కూడా ఒక్క మాటే అంది.

"తెలియదు బాబాయ్. ఆ జబ్బు చాలా వాటి వల్ల వస్తుంది. ఏమీ లేకుండా కూడా వస్తుంది. ఈశ్వరమ్మకి దేనివల్ల వచ్చిందో నేనే కాదు, ఏ డాక్టరూ చెప్పలేరు."

జోగయ్య నేల వంక చూస్తూ విన్నాడు.

"ఇంటి కాడ అడిగినప్పుడు కూడా ఈ మాటే సెప్పాల్సింది నువ్వు" అన్నాడు.

అతని గొంతులో కోపం లేదు. ఆమె తలొంచుకుని, అవును బాబాయ్, చెప్పాల్సింది అంది.

తర్వాత ఇద్దరూ కాంప్లెక్సు ఎదురుగా ఉన్న హోటల్లో భోజనం చేశారు. అతను తక్కువ తిన్నాడు. నేల వేసుకోవాలన్నాడు. ధనలక్ష్మి మొగుడు సోములు ట్రాక్టరు మాట్లాడతానన్నాడని చెప్పాడు. ఒక్కడివే చెయ్యొద్దని ఆమె అంది. బస్సు కదిలేటప్పుడు అతను కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

సెప్టెంబరులో షాలిని మళ్ళీ వెళ్ళింది. గోడల మధ్య గ్రావెల్ నింపి పైన సిమెంటు చేశారు. జోగయ్య ఇంకా పాకలోనే పడుకుంటున్నాడు గాని వంట ఇంట్లో చేసుకుంటున్నాడు. ఆమె కొత్త డబ్బా తెచ్చింది. ఈసారి ఒకే షీటులోంచి నాలుగు ముక్కలు కోసి, మూడింటిని ఉడకబెట్టి చూసి, బాగున్నాయని తేల్చుకున్నాకే నాలుగోది అతికించింది. ఆ సంగతి అతనికి వివరంగా చెప్పింది. ఇప్పుడు కింద ఆ ఇసుక లేదు, నేల కూడా వేరు కాబట్టి పాత గాలి ఎలా ఉండేదో ఇది చెప్పలేదని కూడా చెప్పింది. దానికి పక్క ఇళ్ళే సాక్ష్యం, వాళ్ళందరూ అదే ఇసుక నింపుకున్నారని ఆమె ఈమధ్యే అడిగి తెలుసుకుంది, వాళ్ళందరి లెక్కలూ మామూలుగానే ఉన్నాయి.

జోగయ్య ఈసారి కూడా స్టూలు పట్టుకున్నాడు. ఆమె ముడి వేస్తుంటే కిందనుంచి అడిగాడు.

"మూడు నెల్లుంచుతావా?"

"మూడు నెలలు."

"అయితే మూడు నెల్లకి వస్తావు" అన్నాడు.

ఆ మూడు నెలల్లో ఆమె థీసిస్ పూర్తయింది. పదిహేడో ఇంటిని ఉమాశంకర్ గారు చెప్పినట్టు లెక్కలోంచి తీసేసింది, కానీ తీసేసి ఊరుకోలేదు. ఎందుకు తీసేసిందో, పొరపాటు ఎవరిదో, ఆ తప్పు లెక్క చెప్పడం వల్ల ఒక మనిషి తన ఇంటి నేలని ఏం చేశాడో రెండు పేజీలు రాసింది. అతని పేరు రాయలేదు. రెండో పేజీ థీసిస్‌కి అనవసరమన్నారు ఆయన. ఉండనివ్వమని బతిమాలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే అన్నారు.

డిసెంబరు మొదటి వారం కాలేజీ పరీక్షలతో కుదరక, డబ్బాని సోములు చేత టెక్కలి దాకా తెప్పించుకుంది. ముక్కని ఉడకబెట్టి లెక్కపెట్టింది. పక్క ఇళ్ళలాగే వచ్చింది. ఆ అంకెని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి, శనివారం పొద్దున్నే గవ్వలపేటకి బయల్దేరింది.

జోగయ్య ఇంటికి తాళం వేసి ఉంది. గుమ్మం పక్కన కొత్తగా రెండు మెట్లు కట్టారు. పాకలో అతని మంచం లేదు. ధనలక్ష్మి చేపలు ఎండబెడుతూ, మావ వేటకి వెళ్ళాడని చెప్పింది. పది రోజులుగా సోములు పడవలోనే వెళ్తున్నాడట. ఇంట్లోనే పడుకుంటున్నాడట. మొదటి రెండు రోజులు వాకిట్లో పడుకున్నాడని, తర్వాత లోపలికి మారాడని చెప్పింది. షాలినితో ఆమె ఇప్పుడు మామూలుగానే మాట్లాడుతోంది.

"ఆ కాయితంలో ఏటి రాసున్నాది?" అని అడిగింది.

"గాలి బాగుందని రాసుంది."

ధనలక్ష్మి చెయ్యి పైటకి తుడుచుకుని కాగితం అందుకుంది. మావకి చెప్తానంది. అన్నం తిని వెళ్ళమంది. షాలిని తిన్నది. తర్వాత ఒడ్డుకి వెళ్ళి కూర్చుంది. ఒంటిగంటకి రెండు పడవలొచ్చాయి, రెండింటికి ఇంకోటి వచ్చింది. ఏదీ సోములుది కాదు. తెరచాపలాగా ఏదో దూరాన కనిపిస్తే లేచి నిలబడింది, అది కూడా ఇటు రాకుండా ఉత్తరంగా వెళ్ళిపోయింది. అతను కనిపిస్తే ఏం మాట్లాడాలో ఆమె ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు. ఊరికే కాసేపు కూర్చుందామనుకుంది. ఇంక ఆ ఊళ్ళో ఆమెకి పని లేదు. థీసిస్ అయిపోయింది, కట్టాల్సిన డబ్బాలు లేవు.

మూడు గంటల ఆటోలో చేపల గంపలతో నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళు సర్దుకుని ఆమెకి అంచున చోటిచ్చారు. ఉప్పుమడుల దగ్గరికి వచ్చాక ఆమె ఫోన్ తీసింది. పేర్లన్నీ పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అమ్మ నంబరు ఇంకా అలాగే ఉంది. ఎవరికీ చెయ్యకుండా ఫోన్ సంచిలో పెట్టేసింది.

ఎదురుగా కూర్చున్న ముసలామె ఆమెనే గమనిస్తోంది.

"ఎవులింటికొచ్చేవమ్మా?" అంది.

"జోగయ్య బాబాయ్ ఇంటికి."

"సుట్టాలా?"

షాలిని కాస్త ఆగి, అవునంది. ముసలామె తన గంపని కాళ్ళ దగ్గరికి లాక్కుని, ఇంకొంచెం లోపలికి జరిగి కూర్చోమంది.